కప్పును కాపాడే కుచ్చిళ్ళు

జమ్మికుంటలో ‘కాటన్’ అంటే రెండు అర్థాలు. మార్కెట్ యార్డులో ఆ మాట వినబడితే పత్తి. కిరాణా దుకాణంలోనో మందుల షాపులోనో వినబడితే అట్టడబ్బా. ‘కార్టన్’ అన్న మాట జనం నోట నలిగి ‘కాటన్’ అయింది. పత్తికి పేరున్న ఊరు కాబట్టి మొదటి కాటన్ గురించి చెప్పేవాళ్ళు ఇక్కడ ఎందరో ఉన్నారు. నేను రెండోదాని గురించి చెప్తాను. నిరుడు అది నా పార్సెల్‌ను కాపాడలేకపోయింది. ఎందుకని వెతుకుతూ పోతే నూటయాభై ఏళ్ళు పైబడిన కథ బయటపడింది.

కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి సాంచెల (మరమగ్గాల) పని మీద మహారాష్ట్రలోని భీవండికి పోయి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మా చెల్లె ఇల్లు అందులో ఒకటి. ఆమె పెళ్ళిరోజుకు మా ఊరి ఫోటో స్టూడియోలో రెండు కప్పుల మీద వాళ్ళ బొమ్మలు వేయించాను. ఆ పనే ఒక వింత. ప్రత్యేకమైన సిరాతో కాగితం మీద బొమ్మ అచ్చువేసి, సన్నటి ప్లాస్టిక్ పూత ఉన్న పింగాణీ కప్పుకు చుట్టి, 180 నుంచి 200 డిగ్రీల వేడి పెడతారు. సిరా కరగకుండానే ఆవిరై పూతలోకి ఇంకిపోతుంది. ఎన్నిసార్లు కడిగినా బొమ్మ పోదు. ఇంత గట్టి బొమ్మ ఉన్న కప్పులను ఒక్కో వార్తాపత్రికలో చుట్టి, ఇంట్లో ఉన్న పెద్ద డబ్బాలో పక్కపక్కన పెట్టి, పైన ‘జాగ్రత్త, గాజు’ అని ఎర్ర సిరాతో రాసి పంపాను.

వారం తర్వాత చెల్లె ఫోన్ చేసింది. “అన్నా, కప్పులు వచ్చినయ్. ఒకదాని పిడి ఊడింది, ఇంకోటి పలిగింది. నువ్వేం బాధపడకు, బొమ్మలైతే మంచిగున్నయ్.”

తెచ్చినవాళ్ళు ఎత్తి పడేశారని మొదట కోపం వచ్చింది. ఆమె పంపిన ఫోటో చూశాక ఆ కోపం నిలవలేదు. డబ్బా ఒక మూల కాస్త నొక్కుకుపోయింది, అంతే. కప్పులు లోపల దొర్లి ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. తప్పు నేను కట్టిన తీరులో ఉంది.

పింగాణీ ఎందుకంత సులువుగా పగులుతుంది? స్టీలు గ్లాసు కిందపడితే సొట్టపోతుంది. సొట్ట పడటమంటే దెబ్బను లోహం తనలో ఇముడ్చుకోవడమే. పింగాణీకి వంగడం రాదు. నొక్కితే ఎంతో బరువు ఓర్చుకుంటుంది, సాగదీస్తే మాత్రం తాళలేదు. పైగా ఎంత నున్నగా కనబడ్డా దాని మీద కంటికి కనబడని గీతలు, నెర్రెలు ఉంటాయి. ఇంగ్లండులో ఎ.ఎ.గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో గాజు మీద పరిశోధన చేసి చెప్పింది ఇదే: వస్తువు బలాన్ని నిర్ణయించేది దానిలోని అతి పెద్ద నెర్రె. లాగే బలమంతా ఆ నెర్రె కొస మీద పోగవుతుంది, నెర్రె పరుగు తీస్తుంది. పిడి కప్పుకు అతికే చోట కూడా బలం అలాగే పోగవుతుంది. అందుకే ముందుగా ఊడేది పిడి.

ఇప్పుడు పార్సెల్ చేతిలోంచి జారిందనుకుందాం. మీటరు ఎత్తు నుంచి పడ్డ వస్తువు నేలను తాకేటప్పటికి గంటకు 16 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఆ వేగం ఎక్కడో ఒకచోట సున్నా కావాలి. ఎంత దూరంలో అవుతుందన్నదే అసలు సంగతి. అట్ట, పేపరు కలిసి ఒక్క మిల్లీమీటరే నలిగితే, కప్పు మీద సగటున దాని బరువుకు వెయ్యి రెట్ల బలం పడుతుంది. నా కప్పు బరువు సుమారు 340 గ్రాములు. వెయ్యి రెట్లంటే 340 కిలోలు. మా ఊరి లెక్కలో చెప్తే, జిన్నింగ్ మిల్లులో ఒత్తిన పత్తి బేలు 170 కిలోలు తూగుతుంది. రెండు బేళ్ళ బరువు అర మిల్లీసెకను పాటు ఆ కప్పు మీద కూర్చుందన్నమాట. అదే మెత్త రెండు సెంటీమీటర్లు నలిగి ఉంటే బలం యాభై రెట్లకు, అంటే 17 కిలోలకు దిగేది. ఎత్తు మారలేదు, వేగం మారలేదు. ఆగడానికి దొరికిన దూరం మాత్రమే మారింది.

మన పెద్దలకు ఈ లెక్క రాకపోయినా పని తెలుసు. కుమ్మరి కుండలను ఎడ్లబండి మీద సంతకు తెచ్చేటప్పుడు కుండకూ కుండకూ మధ్య వరిగడ్డి కూరేవాడు. మామిడికాయల గంపలో గడ్డి, ఊరగాయ జాడీల చుట్టూ గడ్డి. గడ్డిపోచ బోలుగా ఉంటుంది, వంగుతుంది, తిరిగి లేస్తుంది. దానికున్న ఇబ్బంది తేమ, పురుగు. ఇప్పటికీ గడ్డి కూరి విదేశాలకు పార్సెల్ పంపితే, పైరు తెగుళ్ళు వస్తాయని చాలా దేశాలు అడ్డుచెబుతాయి. గల్ఫ్‌లో మనవాళ్ళున్న ఇళ్ళు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది.

గడ్డిపోచ చేసే పనిని కాగితంతో చేయించవచ్చని తేలడానికి టోపీలు కారణమయ్యాయి. 1856లో ఇంగ్లండులో హీలీ, అలెన్ అనే ఇద్దరు కాగితాన్ని కుచ్చిళ్ళుగా మడిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. దొరల పొడుగాటి టోపీల లోపల గట్టిదనానికి, చెమట పీల్చడానికి అంచుగా వేసేవారట ఆ కాగితాన్ని. దుస్తుల అంచులకు కుచ్చులు తీర్చే గాడుల రోలర్లు అప్పటికే ఉన్నాయి. గుడ్డ బదులు కాగితం పోనిచ్చారు. చీర కుచ్చిళ్ళు చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పలచటి గుడ్డే మడతలు పడగానే నిలబడుతుంది.

ఆ కుచ్చిళ్ళ కాగితం టోపీలోంచి పార్సెల్లోకి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది. 1871 డిసెంబరులో న్యూయార్కుకు చెందిన ఆల్బర్ట్ జోన్స్, సీసాలకు, లాంతరు చిమ్నీలకు చుట్టే చుట్టగా దానికి పేటెంటు పొందాడు. అప్పటిదాకా ఆ పనికి గడ్డి, రంపపు పొట్టు వాడేవారు. జోన్స్ కాగితంలో లోపం ఒక్కటే, లాగితే కుచ్చిళ్ళు విప్పుకుపోయేవి. 1874లో ఆలివర్ లాంగ్ దానికి వెనక ఒక చదును కాగితం అతికించాడు. ఆ తర్వాత రెండో వైపూ అతికారు. నేడు మనం ‘మూడు ప్లై’ అనే అట్ట అదే: రెండు చదును పొరలు, నడుమ కుచ్చిళ్ళు. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది లాంగ్ అతికించిన ఆ ఒక్క పొర. కమానుల వరసకు పునాది వేసినట్టయింది. కుచ్చిళ్ళ మధ్య ఉన్నది గాలే. అట్ట మందంలో ఎక్కువ భాగం ఖర్చులేని గాలి.

కుచ్చిళ్ళ ఎత్తును బట్టి రకాలున్నాయి. ‘ఎ’ రకం ఐదు మిల్లీమీటర్లకు దగ్గరగా, ‘బి’ మూడుకు లోపు, ‘ఇ’ ఒకటిన్నర. ఎత్తయిన కుచ్చి బాగా మెత్తన, పొట్టిది నొక్కుడుకు గట్టి. రెండు రకాలు కలిపితే ఐదు ప్లై. డబ్బాను వెలుతురులో చూడండి, గోడల్లో కుచ్చిళ్ళు నిలువుగా స్తంభాల్లా ఉంటాయి. పైన మరో పది డబ్బాలు పేర్చినా మోసేది ఆ స్తంభాలే. డబ్బాను పక్కకు పడుకోబెడితే ఆ బలం చాలావరకు పోతుంది. పై వైపు చూపే బాణాలు అచ్చువేయడానికి కారణాల్లో ఇదొకటి.

అట్ట తయారైనా డబ్బా కావడానికి ఒక పొరపాటు అవసరమైంది. స్కాట్లండు నుంచి అమెరికా వెళ్ళిన రాబర్ట్ గేర్‌కు న్యూయార్కులో కాగితపు సంచుల కార్ఖానా ఉండేది. 1879లో విత్తనాల సంచులు అచ్చువేస్తుంటే యంత్రంలో ఒక లోహపు పట్టీ పైకి లేచి, మడత పడవలసిన చోట సంచులను కోసేసింది. వేల సంచులు పాడయ్యాయి. గేర్ ఆ నష్టాన్ని చూసి, కోత, మడత గీత రెండూ ఒకే దెబ్బలో వేయవచ్చని గ్రహించాడు. తర్వాత అదే పద్ధతి కుచ్చిళ్ళ అట్టకూ వచ్చింది. డబ్బా చదునుగా మడిచి పంపి, అవసరమైన చోట నిలబెట్టే సౌకర్యం అలా పుట్టింది.

రైలు కంపెనీలు మాత్రం ఒప్పుకోలేదు. అమెరికాలో చెక్కపెట్టెకు ఒక ధర, అట్టపెట్టెలో సరుకు పంపితే అంతకన్నా ఎక్కువ ధర వసూలు చేసేవి. లాస్ ఏంజిలస్‌కు చెందిన ప్రిధమ్ అనే సంస్థ దాని మీద ఫిర్యాదు చేసింది. 1914లో ప్రభుత్వ కమిషన్ ఆ తేడా అన్యాయమని తీర్పు చెప్పింది. అక్కడి నుంచి చెక్కపెట్టె వెనక్కి తగ్గుతూ వచ్చింది.

ఈ డబ్బాకు ప్రాణం పోసిన మరో రెండు సంగతులు మన నేలకు దగ్గరివి. ఒకటి గంజి. మొదట్లో పొరలను సోడియం సిలికేట్‌తో అతికేవారు. 1930లలో మక్కజొన్న పిండి గంజి వచ్చింది, నేటికీ ప్రధానమైన జిగురు అదే. మక్కలు పండించే కరీంనగర్ రైతుకు తన పంట లోకమంతా డబ్బాల నడుమ దాగుందని ఎవరైనా చెప్పారో లేదో. వేడి రోలర్ల దగ్గర ఆ గంజి చిక్కబడి, కుచ్చి కొసలను చదును పొరకు పట్టేస్తుంది.

రెండోది గుజ్జు. జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ డాల్ 1879లో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపి కలపను ఉడికించే పద్ధతి కనుక్కున్నాడు. నారలను పట్టి ఉంచే లిగ్నిన్ కరిగిపోతుంది, పొడుగు నార చెడకుండా మిగులుతుంది. ఆ గట్టి గోధుమరంగు కాగితానికి జర్మన్ భాషలో ‘బలం’ అనే అర్థం వచ్చే ‘క్రాఫ్ట్’ అన్న పేరు వచ్చింది. గుజ్జు ఉడికించే ఊరు మాకూ దగ్గరే. జమ్మికుంట స్టేషన్లో బల్లార్షా వైపు రైలెక్కితే పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి దాటాక కాగజ్‌నగర్ వస్తుంది. పేరులోనే కాగితం ఉన్న ఊరు. నిజాం కాలంలో 1938లో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లు ఆ ఊరిని పెంచింది. ఆదిలాబాద్ అడవుల వెదురు అక్కడ రాత కాగితం, అచ్చు కాగితం అయింది. 2014లో మిల్లు మూతబడినప్పుడు ఊరంతా కుంగిపోయింది. 2018లో జె.కె. పేపర్ సంస్థ తీసుకుని మళ్ళీ నడిపింది. అదే సంస్థ 2022లో హొరైజన్ ప్యాక్స్ అనే అట్టపెట్టెల కంపెనీలో పెద్ద వాటా కొన్నది. రాసే కాగితం చేసేవాళ్ళు కూడా పెట్టెల వైపు చూస్తున్నారంటే ఇంటింటికీ వచ్చే పార్సెళ్ళూ ఒక కారణమే.

ఇక బుడగల కవరు. దాని పుట్టుక కూడా దారి తప్పినదే. 1957లో న్యూజెర్సీలో ఆల్‌ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ రెండు స్నానాల గది పరదాలను కలిపి అతికి, ఉబ్బెత్తు గోడకాగితం చేయాలనుకున్నారు. ఎవరూ కొనలేదు. మొక్కల షెడ్డుకు వెచ్చదనం కోసమని ప్రయత్నించారు, అదీ సాగలేదు. ఐబీఎం 1959లో ప్రకటించిన 1401 కంప్యూటరును రవాణా చేసేటప్పుడు ఈ బుడగల కవరుకు నిజమైన పని దొరికింది. మంచి మెత్తే, కాదనను. కానీ చిన్న కప్పు కోసం ఏళ్ళకేళ్ళు మట్టిలో ఉండిపోయే ప్లాస్టిక్ అక్కర్లేదని నా అభిప్రాయం. నలిపిన కాగితం ఆ పని చేస్తుంది.

రెండోసారి అదే స్టూడియోలో మళ్ళీ రెండు కప్పులు చేయించాను. ఈసారి పిడి సందులో ముందుగా నలిపిన కాగితం కూరాను. కప్పు లోపల కూడా నింపాను, ఖాళీ గోడకు లోపలి నుంచి ఊత ఉండాలని. ఒక్కోదాన్ని కుచ్చిళ్ళ అట్టముక్కతో చుట్టి, కప్పుకూ కప్పుకూ నడుమ మరో అట్ట అడ్డం పెట్టి, చిన్న డబ్బాలో బిగించాను. ఆ డబ్బాను ఐదు ప్లై పెద్ద డబ్బాలో పెట్టి అన్ని వైపులా, అడుగున కూడా, ఐదు సెంటీమీటర్ల మందాన కాగితం కూరాను. మెత్త పూర్తిగా నలిగిపోదు, రెండు సెంటీమీటర్లు నలగాలంటే ఐదు ఉండాలి. మూత నడిమి గీత మీదా, రెండు అంచుల మీదా టేపు వేశాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను, చప్పుడు రాలేదు. ‘జాగ్రత్త’ అని రాశాను గానీ, ఈసారి ఆ మాట మీద ఆధారపడలేదు. వానాకాలం కాబట్టి బయట ఒక కవరు తొడిగాను. తేమ పీల్చిన అట్ట స్తంభాలు మెత్తబడి కూలిపోతాయి.

చెల్లె ఫోన్ చేసి, “డబ్బా మూల మొత్తం లోపలికి పోయింది అన్నా, కప్పులకు గీత కూడా పడలే” అంది. ఆ మూల పడ్డ పాట్లు కప్పుదాకా చేరలేదు.

చదివేవాళ్ళను ఒకటి అడుగుతాను. మన దేశంలో డబ్బా కాగితంలో ఎక్కువ భాగం పాత డబ్బాల నుంచే వస్తుంది. గుజ్జుగా మారిన ప్రతిసారీ నార కొంచెం పొట్టిదవుతుంది, అయినా ఎన్నోసార్లు పనికొస్తుంది. పార్సెల్ విప్పాక టేపు పీకి, డబ్బాను చదునుగా మడిచి, వానకు తడవని చోట పెట్టి, పాత పేపర్లు కొనేవాళ్ళకు ఇవ్వండి. తడిసి బూజుపట్టిందీ, నూనె పీల్చిందీ మిల్లుకు పనికిరాదు.