గిటారుకు ప్రతిధ్వని: అనలాగ్ డిలేనా, డిజిటల్ డిలేనా?

మీటిన స్వరాన్ని సెకనులో కొంత భాగం నిలిపి, మూలస్వరం వెనుక మళ్లీ వినిపించే పరికరాన్ని డిలే అంటారు; కాలితో నొక్కే చిన్న పెట్టె రూపంలో ఉంటే అదే డిలే పెడల్. తొలుత ఈ పనిని అయస్కాంత టేపు యంత్రాలు చేసేవి, కాని టేపు అరిగేది, తెగేది, యంత్రం బరువు సరేసరి.

1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో రూపొందిన బకెట్ బ్రిగేడ్ అనే చిప్ టేపు అవసరాన్ని తప్పించింది. మంటలార్పడానికి వరుసగా నిలబడ్డవారు నీళ్ల బకెట్లను చేతులు మార్చినట్టు, ఇందులోని కెపాసిటర్లు, అంటే విద్యుదావేశాన్ని కాసేపు దాచుకునే భాగాలు, ధ్వనిసంకేతాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తాయి. ఆ వేగాన్ని క్లాక్ అనే వలయం నిర్ణయిస్తుంది.

ఈ చిప్‌తో పనిచేసే అనలాగ్ డిలే స్వభావమంతా కెపాసిటర్ల అంచెలు, క్లాక్ వేగాల లెక్కలోనే ఉంది. 1981లో వచ్చిన బాస్ సంస్థ డీఎం-2 పెడల్ చిప్‌లో 4,096 అంచెలుండగా, దాని గరిష్ఠ ఆలస్యం 300 మిల్లీసెకన్లు. క్లాక్ ఒక్కసారి స్పందిస్తే సంకేతం రెండు అంచెలు దాటుతుంది కనుక, అంత ఆలస్యం రావాలంటే క్లాక్ సెకనుకు సుమారు 6,800 స్పందనలకు తగ్గాలి. అప్పుడు అందులో సగానికి, అంటే 3,400 హెర్ట్జ్‌కు, పైనుండే ధ్వనులను చిప్ సరిగా మోయలేదు కాబట్టి వాటిని ముందే వడపోస్తారు. తీగ మీటిన క్షణంలోని పదును చాలావరకు ఉండేది ఆ పైభాగంలోనే. అనలాగ్ డిలే గొప్పగా చెప్పుకునే మెత్తదనం, నిజానికి, గుణంగా పేరు తెచ్చుకున్న ఒక లోపం. అయితే ఆ లోపమే అక్కరకు వస్తుంది: ప్రతి ఆవృత్తి, అంటే తిరిగి వినిపించే స్వరం, మళ్లీ అదే వడపోతగుండా వెళ్లి మరింత మసకబారుతుంది కనుక, వాయిస్తున్న స్వరానికి అడ్డురాదు.

డిజిటల్ డిలే ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ అంకెలను జ్ఞాపకంలో దాచి, కోరినప్పుడు తిరిగి ధ్వనిగా మారుస్తుంది. సీడీ స్థాయిలో, అంటే సెకనుకు 44,100 సార్లు 16 బిట్లతో కొలిస్తే, ఒక సెకను ధ్వనికి 88,200 బైట్లు చాలు. ఈనాడు అది లెక్కలోకి రాని ఖర్చు. 1983లో వచ్చిన బాస్ డీడీ-2 ఆనాడే 800 మిల్లీసెకన్లు ఇచ్చింది. నిమిషానికి 120 దెబ్బల లయలో ముప్పాతిక దెబ్బ దూరంలో ఆవృత్తి పడాలంటే 375 మిల్లీసెకన్లు కావాలి, డీఎం-2 అక్కడికి చేరదు. ఇలాంటి లయకు పేరుపడ్డ యూ2 బృందపు గిటారిస్టు ది ఎడ్జ్ తొలి రోజుల్లో వాడింది మాత్రం మెమరీ మ్యాన్ అనే అనలాగ్ పెడల్. ఎందుకంటే అనలాగ్‌లోనూ ఆలస్యం పెంచడానికి చిప్‌లను జతచేసే మార్గం తయారీదారులకు ఉండేది.

కాబట్టి ఆవృత్తులే బాణీలో భాగమైన వాద్యకారునికి డిజిటల్, సోలో వెనుక నీడలాంటి ప్రతిధ్వని కోరేవారికి అనలాగ్ నప్పుతాయి. ఒక్కటే కొనగలవారు, ప్రతి ఆవృత్తికీ పదును తగ్గించే ‘అనలాగ్’ అమరిక ఉన్న డిజిటల్ పెడల్‌ను ఎంచుకోవడం మేలు. దుకాణంలో దానిని ఒంటరిగా కాక, డ్రమ్స్, బేస్ మోగుతుండగా విని చూడాలి, ఎందుకంటే ఆవృత్తుల మసకదనం సాయమో చేటో ఆ సందడిలోనే తెలుస్తుంది.