పశువుల తొట్టిలో పరమార్థం

క్రిస్మస్ అనగానే నక్షత్ర దీపాలు, కేకులు, కొత్త బట్టలు గుర్తుకొస్తాయి. కాని ఆ పండుగ పరమార్థం ఒక పశువుల తొట్టిలో ఉంది.

జనసంఖ్యలో పేరు వ్రాయించుకొనడానికి యోసేపు నిండు గర్భిణి అయిన మరియతో బేత్లెహేము వెళ్ళాడనీ, అక్కడ సత్రంలో వారికి చోటు దొరకలేదనీ లూకా సువార్త చెబుతుంది. పుట్టిన బిడ్డను పొత్తిగుడ్డలలో చుట్టి మేత తొట్టిలో పడుకోబెట్టింది తల్లి. ఆ శుభవార్త మొదట అందినది రాజులకు కాదు. రాత్రివేళ మందలు కాచుకొంటున్న గొర్రెల కాపరులకు!

దేవుడు తన మహిమను విడిచి మానవుడై, అందునా పేదవాడై వచ్చాడన్నదే క్రైస్తవుల విశ్వాసం. హీబ్రూ భాషలో బేత్లెహేము అంటే 'రొట్టెల ఇల్లు'. తానే జీవాహారమని చెప్పిన క్రీస్తుకు మేత తొట్టే మొదటి ఊయల అయింది.

1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అసీసీ ఫ్రాన్సిస్ నిజమైన గడ్డి, ఎద్దు, గాడిదలతో ఆ దృశ్యాన్ని ఏర్పాటు చేశాడు. ఆ పేదరికాన్ని జనం కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. నేడు ఇళ్ళలో, చర్చిలలో కట్టే క్రిస్మస్ పాకలకు అదే ఒరవడి.

పాకను అలంకరించడం తేలికే. చోటు లేదంటూ మన గడప నుంచి ఎవరినైనా తిప్పి పంపుతున్నామా అని చూసుకొనడమే కష్టం. పండుగ మనను అడిగేది అదే.