పురుగుకి రోజులు లెక్కపెట్టాం, కోడలికి పెట్టలేదు

ఈ సారి గూడు ధర గురించి కాదు, చాకీ గురించీ కాదు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాం. పంట మధ్యలో ఇంటి ఆడబిడ్డకు నెల తప్పితే ఎవరికైనా ఇది పనికొస్తుందని రాస్తున్నాం.

మాది చింతామణి తాలూకాలో ఒక పల్లె. ఎకరం మల్బరీ, రెండు ఆవులు. ఇంట్లో తెలుగు, మార్కెట్లో కన్నడం. పోయిన వేసవిలో 150 గుడ్లు మేపుతున్నాం. పురుగు మూడో జ్వరం లేచింది. అప్పుడు మా కోడలికి రెండో నెల. ఒకరు ఆకు కోస్తుంటే ఒకరు వేస్తున్నారు. ఇంట్లో ఎవరు ఏం తిన్నారో చూసే తీరిక ఎవరికీ లేదు.

అవ్వ మాత్రం రోజూ ఒక చిట్టా చదివేది. బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు, గుడ్డు వేడి, బెల్లం వేడి. కోడలు అన్నిటికీ తలూపేది.

ఒక మధ్యాహ్నం పప్పులోకి ఆకుకూర లేదని మల్బరీ సాళ్ల మధ్య మొలిచిన తోటకూర కోసుకొచ్చింది. అందరం తిన్నాం. చేయి కడుక్కుంటూ అడిగాం.

"ఏ మడిలోది మా కూర?"

"బావి పక్క మడిలోది అత్తా."

గుండె జల్లుమంది. ఆకు చుట్టు పురుగు పడిందని ఆ మడికి ఆరు రోజుల ముందే మందు కొట్టినాం. ఆ ఆకు పురుగుకి వేయకూడదని షెడ్డు తలుపు మీద బలపంతో తేదీ కూడా రాసి పెట్టినాం. ఆ ఆకు పడితే పురుగు చస్తుందని మాకు బాగా తెలుసు. అదే మడిలో మొలిచిన కూర కడుపుతో ఉన్న పిల్ల తినకూడదని ఎవరికీ తోచలేదు.

*డాక్టరమ్మ అడిగిన ప్రశ్న*

మందు డబ్బా సంచిలో వేసుకుని ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకుపోయినాం. డాక్టరమ్మ డబ్బా మీది పేరు చదివింది. చెమటలు పట్టాయా, నోట్లో నీళ్లు ఊరి కారుతున్నాయా, చూపు మసకగా ఉందా, కండరాలు అదురుతున్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. ఏమీ లేవు. "కడిగి ఉడికించిన కూర ఒక్కపూట తిన్నారు. ఇంత బెదరొద్దు. మళ్లీ మాత్రం ఆ మడి కూర వద్దు. ఈ గుర్తులు కనిపిస్తే రాత్రయినా రండి" అంది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. ఆమె కోడలి వైపు తిరిగి ఇంకొకటి అడిగింది: "నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నావు?"

పొద్దున కాఫీ. తర్వాత ఒక ఇడ్లీ, అదీ వాంతి అయిపోయింది. మధ్యాహ్నం రెండు ముద్దలు చారన్నం. రాత్రి ఏమీ లేదు. వాంతి భయం కొంత, అవ్వ చిట్టా భయం కొంత. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 9.2 ఉంది. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు.

"బొప్పాయికి భయపడినారు. పిల్ల ఏమీ తినడం లేదని భయపడలేదా?" అంది డాక్టరమ్మ. మా దగ్గర జవాబు లేదు.

*వేడి చేసే తిండి సంగతి*

పచ్చి బొప్పాయిలో, దోర కాయలో తెల్లని పాలు ఉంటాయి. అది గర్భసంచిని బిగబట్టేలా చేస్తుందని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తేలింది. కాబట్టి కాయను వదిలేయడం మంచిదే. బాగా మాగిన పండు రెండు ముక్కలు తింటే గర్భం పోదు. నువ్వులు, బెల్లం వంటలో వేసుకునేంత తింటే హాని లేదు. గుడ్డును పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినాలి. మాంసం లోపల ఎరుపు లేకుండా ఉడకాలి.

ఇంకొక మాట. తొలి మూడు నెలల్లో గర్భం పోయేది చాలాసార్లు పిండం ఏర్పడేటప్పుడే వచ్చిన జన్యులోపం వల్ల. ఆ తల్లి ఏదో తిన్నందుకు కాదు. నువ్వులుండ తిన్నావని, పండు తిన్నావని ఏడుస్తున్న పిల్లను ఇంకా ఏడిపించొద్దు.

*మన ఇళ్లల్లో నిజంగా చూసుకోవాల్సినవి*

మడి కూర: మందు కొట్టే తోటలో మొలిచిన కూర గర్భిణికి పెట్టొద్దు. కొన్ని మందులు ఆకు లోపలికే ఇంకుతాయి, ఎంత కడిగినా పోవు. తలుపు మీద రాసే తేదీ పురుగు కోసం వేసిన లెక్క. కూర తినడానికి ఆ లెక్క సరిపోతుందని ఎవరూ చెప్పలేదు. పెరట్లో రెండు సాళ్లు వేరేగా తోటకూర, పాలకూర వేసుకోండి. మడి గాలి తగలని చోట వేసుకోండి.

మల్బరీ పండు: పుల్లగా ఉందని చెట్టు మీదే కోసుకుని నోట్లో వేసుకుంటారు. మందు తగలని చెట్టుది, కడిగింది అయితే మంచి పండే. లేకపోతే వద్దు.

పాత డబ్బాలు: డైక్లోర్‌వాస్ మందు మన దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధం. ఇప్పటికీ కొన్ని షెడ్ల మూలల్లో పాత సీసాలు ఉంటాయి. వాడొద్దు. ఖాళీ క్యానులో మజ్జిగ, నూనె, నీళ్లు పోయొద్దు. మా ఇంట్లోనే ఒక క్యానులో ఆవులకు తౌడు నీళ్లు కలిపేవాళ్లం. ఆ రోజే దానికి బొక్కలు పొడిచి పారేసినాం.

షెడ్డు శుద్ధి: బ్లీచింగ్ పొడి, ఫార్మలిన్, సున్నం పట్టుకునే పని గర్భిణికి చెప్పొద్దు. వాటిని వంటింట్లో దాచొద్దు. పురుగు తట్టల్లో, చంద్రికల మీద వడియాలు, మిరపకాయలు ఆరబెట్టొద్దు. ఆకు వేసి వచ్చి, పడక మీద పొడి చల్లి వచ్చి, సబ్బుతో చేతులు కడగకుండా ముద్ద ముట్టొద్దు. షెడ్డులో కూర్చుని తినే అలవాటు మాకూ ఉండేది. మానేసినాం.

పాలు: పట్టుతో పాటు పాలు కూడా మన జీవనమే. పాలు పొంగు వచ్చేదాకా కాచి తాగాలి, పచ్చి పాలు వద్దు. నెలలు నిండకముందే దూడ పడిపోయిన ఆవు ఉంటే గర్భిణి దాని దగ్గరకు పోకూడదు, మాయను ముట్టకూడదు. బ్రుసెల్లా అనే జబ్బు అట్లాంటి ఆవు నుంచి, పచ్చి పాల నుంచి మనిషికి వస్తుంది. గర్భం పోయే ప్రమాదం కూడా ఉంది.

మట్టి, బలపం: సున్నం, మట్టి, పచ్చి బియ్యం తినాలని నోరు లాగితే సిగ్గుపడి దాచొద్దు. చాలాసార్లు అది రక్తం తగ్గిన గుర్తు. డాక్టరుకు చెప్పండి.

*తొలి మూడు నెలల మాత్ర, తిండి*

బిడ్డ వెన్నుపాము, మెదడు మొదలయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోమంటారు. నాలుగో నెల నుంచి ఇనుము మాత్ర, 180 రోజులు. రక్తం బాగా తక్కువుంటే డాక్టరు ముందే మొదలుపెట్టొచ్చు, మోతాదు ఆమే చెప్తుంది. మాత్రతో పాటు కాఫీ, టీ వద్దు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లు మంచివి.

వాంతులుంటే మూడు పూటలు కడుపు నిండా పెట్టాలని చూడొద్దు. పొద్దున లేవగానే గుప్పెడు బొరుగులు, గంటాగి రాగి గంజి, మధ్యాహ్నం చిన్న సంగటి ముద్ద, పప్పు. రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం. మా కోడలికి అట్లాగే నిలిచింది.

కర్ణాటకలో 2017 అక్టోబర్ 2 నుంచి మాతృపూర్ణ పథకం ఉంది. అంగన్వాడీలో గర్భిణులకు వేడి భోజనం, గుడ్డు, పాలు, చెనిక్కాయ చిక్కీ ఇస్తారు. హొసూరు, కృష్ణగిరి వైపు అంగన్వాడీల్లో సత్తుమావు ఇస్తారు. "మనకెందుకు, ఇంట్లో లేకనా" అని మేము మొదట పంపలేదు. అక్కడ పది మందితో కూర్చుంటే ఇంట్లో వద్దన్న గుడ్డు తినింది. తాయి కార్డు కన్నడంలో ఉందని మూల పడేయొద్దు. ఆశా అక్కను చదివి చెప్పమని అడగండి.

*ఆలస్యం చేయకూడనివి*

రక్తం కనిపించడం, కడుపులో విపరీతమైన నొప్పి, జ్వరం, నీళ్లు కూడా నిలవని వాంతులు. వీటిలో ఏదున్నా పంట అయ్యేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. మందు తగిలిందని అనుమానముంటే డబ్బా కూడా తీసుకుపోండి.

మా కోడలికి ఇప్పుడు ఏడో నెల. పోయిన వారం రక్తం 10.8 ఉంది. పురుగు కోసం రాసే తేదీ షెడ్డు తలుపు మీద అట్లాగే ఉంది. దాని కింద "ఈ మడి కూర కోయొద్దు" అని ఇంకొక వరస రాసినాం. చదువు రాని అవ్వ కోసం మడి గట్టున ఎర్రగుడ్డ కూడా కట్టినాం. ఆ గుడ్డ చూసి ఇప్పుడు పక్కింటివాళ్లను కూడా అవ్వే వెనక్కి తిప్పుతోంది.

ఈ గ్రూపులో ఎక్కువ ఫోన్లు మగవాళ్లవే. ఈ రాత్రి ఆకు వేసి ఇంటికి పోయినాక దీన్ని ఆడవాళ్లకు చదివి వినిపించండి. వినిపించే ముందు, ఈరోజు వాళ్లు ఏం తిన్నారో ఒక్కసారి అడగండి.