పాత కంప్యూటరు, పాత విండోస్, మన తెలుగు



పాత కంప్యూటరులో పాత ఆపరేటింగ్ సిస్టమును మళ్ళీ వేసుకోవడం ఎలాగో ఈ రోజు మాట్లాడుకుందాం. కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది.

కొత్తవి ఇన్ని వచ్చాక పాతదానితో పనేమిటని మీరు అడగవచ్చు. హోసూరు కానివ్వండి, బళ్ళారి కానివ్వండి, పర్లాకిమిడి, యానాం కానివ్వండి, తెలుగులో డీటీపీ పని జరిగిన చోట ఒక మూల దుమ్ము పట్టిన కంప్యూటరు ఉండవచ్చు. బడి వార్షిక సంచికలు, తెలుగు ప్రశ్నపత్రాలు, గుడి చరిత్రలు, పెద్దలు రాసిన పద్యాలు అందులోనే ఉండిపోయి ఉంటాయి. మనవంటి చోట్ల ఇలాంటివాటికి మరో ప్రతి దొరకడం కష్టం. ఆ యంత్రం ఒకనాడు నల్ల తెర చూపించి ఆగిపోతే, దానితోపాటు అవీ పోతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ ఫైళ్ళను కొత్త కంప్యూటరులోకి తెచ్చినా చాలాసార్లు తెలుగు కనబడదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. కారణం ఏమిటంటే, అను ఫాంట్ల వంటి ఆనాటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలోనే మన తలకట్టునూ, కొమ్మునూ, వత్తునూ కూర్చోబెట్టాయి. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు, ఫాంటు తీసేస్తే గజిబిజి. తెలుగుకు ప్రత్యేకంగా 128 గళ్ళు ఇచ్చిన యూనికోడ్ 1991లోనే వచ్చింది. అయినా అచ్చుపని చాలాకాలం పేజ్‌మేకరుతో, పాత ఫాంట్లతోనే సాగింది. పేజ్‌మేకరు చివరి కూర్పు 7.0, అది 2001లో వెలువడింది. అదే సంవత్సరం అక్టోబరులో విండోస్ ఎక్స్‌పి వచ్చింది. ఆ జంట నడిచే యంత్రం ఒకటి ఉంటే పాత ఫైలు పాత రూపంలోనే తెరుచుకుంటుంది. అందుకని మన ఉదాహరణకు ఎక్స్‌పినే తీసుకుందాం.

ఆపరేటింగ్ సిస్టము అంటే యంత్రానికీ మనకూ మధ్య నిలబడే దుబాసీ. సరిహద్దు జిల్లాలవాళ్ళకు దుబాసీ విలువ చెప్పనక్కరలేదు. దుబాసీ మంచాన పడితే మరొకణ్ణి కూర్చోబెట్టవచ్చు. కాని ఆ తొందరలో ఇంట్లోని దస్తావేజులు పారేయకూడదు. అందుచేత సీడీ పెట్టకముందే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, హార్డ్‌డిస్కును బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టరుతో మరో కంప్యూటరుకు తగిలించి, ఉన్నదంతా ఎత్తిపెట్టుకోండి. డిస్కు వెనుక 40 సూదుల వెడల్పాటి కేబులు ఉంటే అది ఐడీఈ, సన్నటి కేబులు ఉంటే అది సాటా. అడాప్టరు దానికి తగినదై ఉండాలి. సీ డ్రైవులో ఏముంటుందిలే అనుకోకండి. డెస్క్‌టాప్ మీద పెట్టినవీ, మై డాక్యుమెంట్సులో దాచినవీ సాధారణంగా సీ డ్రైవులోనే ఉంటాయి.

రెండవది, విండోస్ ఫోల్డరు లోపల ఫాంట్స్ అనే ఫోల్డరు ఉంటుంది. దానిని తప్పక కాపీ చేయండి. ఫైళ్ళు దాచి ఫాంట్లు మరిచిపోతే, పెట్టె దాచి తాళంచెవి పారేసినట్లే.

మూడవది, కంప్యూటరు డబ్బా పక్కన అంటించిన చీటీ మీద 25 అక్షరాల ప్రొడక్ట్ కీ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. మీ దగ్గరున్న సీడీ, ఆ కీ ఒకే రకానివి కావాలి. కంప్యూటరుతో వచ్చిన కీని విడిగా కొన్న సీడీ ఒప్పుకోకపోవచ్చు. మదర్‌బోర్డుతో ఇచ్చిన డ్రైవర్ల సీడీని కూడా వెతికిపెట్టుకోండి.

ఇక యంత్రం సంగతి. కంప్యూటరు వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ అయిపోయిందన్నమాట. దాని పేరు సీఆర్ 2032, గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది. అది మార్చి, బయోస్‌లో తేదీ సరిచేసి, మొదట సీడీ నుండి మొదలుపెట్టమని చెప్పండి. ఎక్స్‌పికి కనీసం 64 మెగాబైట్ల మెమరీ కావాలి, 128 ఉంటే మేలు. సాటా డిస్కును ఎక్స్‌పి సీడీ గుర్తుపట్టకపోతే, బయోస్‌లో డిస్కు పద్ధతిని ఐడీఈకి మార్చి చూడండి. పని మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉంటే మంచిది.

సీడీ పెట్టి కంప్యూటరు వేయగానే ఏదైనా మీట నొక్కమంటుంది. నొక్కాక నీలితెర వస్తుంది. అక్కడ ఎంటర్ నొక్కండి. తరువాత ఒప్పందం చూపిస్తుంది, ఎఫ్ 8 నొక్కండి. పాత విండోస్ కనబడితే రెండు దారులు చూపుతుంది. ఆర్ నొక్కితే ఉన్నదానినే మరమ్మతు చేస్తుంది, ఫైళ్ళు సాధారణంగా అలాగే ఉంటాయి. ముందు ఈ దారినే ప్రయత్నించండి. అది కుదరకపోతే ఎస్కేప్ నొక్కి కొత్తగా వేయాలి.

కొత్తగా వేసేటప్పుడు డిస్కులోని భాగాల పట్టిక వస్తుంది. ఇక్కడే నిదానం కావాలి. డి నొక్కి, ఆపైన ఎల్ నొక్కితే ఆ భాగం చెరిగిపోతుంది. సీ డ్రైవును ఎంచుకున్నామో, ఫైళ్ళున్న డీ డ్రైవును ఎంచుకున్నామో పరిమాణం చూసి ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. లేకపోతే మొదటికే మోసం. సీ డ్రైవును ఎంచి, ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయమనండి. కాపీ అయ్యాక కంప్యూటరు తనంతట తానే తిరిగి మొదలవుతుంది. అప్పుడు మళ్ళీ మీట నొక్కమంటుంది, ఈసారి నొక్కకండి, నొక్కితే కథ మొదటికి వస్తుంది. ఇంకా 39 నిమిషాలని తెర మీద చూపిస్తుంది. పాత యంత్రానికి గంట పట్టినా కంగారుపడకండి.

పని పూర్తయ్యాక విండోసును ఆక్టివేట్ చేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది. తరువాత డ్రైవర్ల సీడీ పెట్టి, డివైస్ మేనేజరులో పసుపు గుర్తులు పోయేదాకా ఒక్కొక్కటే వేయండి.

తెలుగు కోసం మరొక పని ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ అన్న చోట కాంప్లెక్స్ స్క్రిప్ట్ అని ఉన్న గడిలో టిక్కు పెట్టండి. సీడీ అడుగుతుంది, ఇవ్వండి. ఇది చేయకపోతే యూనికోడ్ తెలుగు సరిగా కుదరదు, వత్తులు విడివిడిగా పడవచ్చు. ఆ పైన దాచిన పాత ఫాంట్లను ఫాంట్స్ ఫోల్డరులో వేసి, పేజ్‌మేకరు పెట్టి, ఒక ఫైలు తెరిచి చూడండి. కొన్ని తెలుగు సాఫ్ట్‌వేర్లకు ప్రింటరు పోర్టుకు తగిలించే చిన్న తాళం ఉండేది. అది మీ పాత యంత్రం వెనుకే ఉందేమో చూసుకోండి.

ఈ యంత్రాన్ని ఇంటర్నెట్టుకు మాత్రం కలపకండి. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పికి క్రమం తప్పకుండా భద్రతా సవరణలు ఇవ్వడం ఆగిపోయింది. 2003లో బ్లాస్టర్ అనే వైరస్, ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, నెట్టుకు కలిపిన ఎక్స్‌పి యంత్రాల్లోకి చొరబడింది. ఫైళ్ళు తీసుకువెళ్ళే పెన్‌డ్రైవును కూడా కొత్త కంప్యూటరులో వైరస్ పరీక్ష చేశాకే వాడండి.

అన్నీ కుదిరాక ఆగిపోవద్దు. ఇది శాశ్వత నివాసం కాదు, దారిలో సత్రం. ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా చేయండి, అప్పుడు పేజీ రూపం నిలుస్తుంది. కాని పీడీఎఫ్‌లోని పాత ఫాంటు తెలుగులో ఒక మాట వెతికితే దొరకదు. అందుకే రాతను యూనికోడ్‌లోకి కూడా మార్చాలి. అను అక్షరాలను మార్చే సాధనాలు ఉన్నాయి. వత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తప్పులు దొర్లవచ్చు కనుక, తెలుగు బాగా వచ్చినవారు ఒకసారి చదివి దిద్దాలి. బడి పిల్లలకు ఇంతకంటే మంచి తెలుగు అభ్యాసం ఏముంటుంది? తాతలు రాసినదాన్ని మనుమలు దిద్దినట్లవుతుంది. దిద్దినవాటిని రెండు మూడు చోట్ల, వేరువేరు ఇళ్ళలో దాచండి.

పాత కంప్యూటరు ఎంత బాగుచేసినా ఏదో ఒకనాడు ఆగిపోతుంది. అది ఆగేలోపు మన రాతలను బయటికి తెచ్చుకుంటే చాలు. పని ఆలస్యమైనకొద్దీ ఆ డిస్కు తిరిగే రోజులు తగ్గుతాయి. ఈ వారమే ఆ మూలనున్న డబ్బా మీది దుమ్ము దులపండి.