శ్రీ భూపతిరాజు విస్సంరాజుగారు: ఆర్జనము, అర్పణము

మన డెల్టా సీమలో రైతు కుటుంబమునకు కలిమి యనిన భూమియే. పంట బాగుగ పండిన యేట మిగిలిన రొక్కముతో మరియొక యెకరము కొనుట మన పెద్దల వాడుక. యంత్రములలో ధనము నిలిపినవారు కొలదిమంది. అట్లు గడించినదానిని మరల తమ సీమ బిడ్డల చదువునకై వినియోగించినవారు ఇంకను కొలదిమంది. అట్టివారిలో లోకమున బి. వి. రాజుగారని ప్రసిద్ధులైన శ్రీ భూపతిరాజు విస్సంరాజుగా రొకరు. వారి దాతృత్వమును కొనియాడుట మాత్రమే మా యుద్దేశము కాదు. సహకార సంఘ సభ్యులు తెలిసికొనదగిన పాఠ మొకటి వారి జీవితమున కలదు. దానినిగూడ ముచ్చటింపదలచితిమి.

రాజుగారు 1920వ సంవత్సరమున భీమవరమునకు చేరువనున్న కుముదవల్లి గ్రామమున, వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. గ్రామము చిన్నదైనను విద్యాభిమానమునకు పేరుగన్నది. శ్రీ వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయము 1897లోనే అచట వెలసెను. అయినను పుస్తకములున్నంత మాత్రమున పై చదువు చేతి కందదు. భీమవరమున కళాశాల 1945లో గాని నెలకొనలేదు. కావున రాజుగారి యీడువారిలో పై చదువు గోరిన బాలుడు ఇల్లు విడిచి పోవలసినదే. బాలికల మాట చెప్పనక్కరలేదు. ఈ కొరతను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

రాజుగారు చేపట్టిన పరిశ్రమ సిమెంటు. సున్నపురాతిని, బంకమట్టిని పొడిచేసి, తిరుగుచుండు పెద్ద కొలిమిలో సుమారు 1450 డిగ్రీల వేడిమిని కాల్చి, వచ్చిన గడ్డలను కొంచెము జిప్సముతో చేర్చి పిండిగొట్టినయెడల సిమెంటగును. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియగునాటికి మనవా రెరిగినది సున్నమే. నేడు తూము కట్టవలెనన్నను, గిడ్డంగి లేపవలెనన్నను, కళ్లము గచ్చు చేయవలెనన్నను సిమెంటు లేక సాగదు. ఒండ్రుమట్టి దక్క వేరెరుగని మన డెల్టా నేలలో పుట్టిన యువకుడు రాతినుండి పుట్టు పరిశ్రమను నేర్చి అందు ఆరితేరుట సామాన్యము కాదు.

ఉద్యోగిగా ప్రవేశించి, క్రమక్రమముగా పైకివచ్చి, కేంద్ర ప్రభుత్వము 1965లో స్థాపించిన భారత సిమెంటు కార్పొరేషనునకు వారు అధ్యక్షులైరి. 1977లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఉద్యోగ విరమణానంతరము విశ్రాంతి గొనక, రాశి సిమెంటు కంపెనీని స్థాపించి, నల్గొండ జిల్లాలో కృష్ణాతీరమునగల వాడపల్లియందు కర్మాగారమును నెలకొల్పిరి. విష్ణు సిమెంటు కంపెనీ దానికి తోడైనది. ఆ కాలమున సిమెంటు ధరను, పంపకమును ప్రభుత్వమే శాసించుచుండెను. ఇల్లు కట్టుకొను రైతు పర్మిట్టు కాగితము చేతబట్టుకొని తిరిగిన దినములవి. 1982లో ఆ కట్టుబాటు కొంత సడలినది, 1989లో పూర్తిగా తొలగినది. ఇట్టి మార్పుల నడుమ కర్మాగారమును నడిపి వృద్ధిచేయుటకు పని తెలిసిన చేయి యుండవలెను. రాజుగారి కది యుండెను.

ఇక 1998వ సంవత్సరపు వృత్తాంతము. మదరాసునందలి ఇండియా సిమెంట్సు కంపెనీవారు రాశి కంపెనీ వాటాలను బజారునందు కొనసాగి, వాటా యొక్కింటికి 300 రూపాయలిత్తుమని బహిరంగముగ ప్రకటించిరి. రాజుగారు మొదట ప్రతిఘటించిరి. తుదకు తమ వాటాలను, అనగా కంపెనీలో దాదాపు మూడవవంతును, వారికే విక్రయించిరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియేడు. తాము పునాదిరాయి మొదలు పెంచిన కర్మాగారము ఇట్లు పరుల చేతికి పోయినది. ఇందు చట్టవిరుద్ధమేమియు లేదు. మంచి వెల వచ్చినది. అయినను పెంచినవాని మనస్సెట్లుండునో పొలము విక్రయించిన రైతునకు వేరుగ చెప్పవలయునా!

రాజుగారి చేతినుండి పోని పని మరియొకటి కలదు. అంతకు ముందటి యేడు, 1997లో, మెదకు జిల్లా నర్సాపురమున (మన సముద్రతీరపు నరసాపురము కాదు) వారి పేర సాంకేతిక విద్యాలయము వెలసెను. 2001లో భీమవరమున శ్రీ విష్ణు మహిళా ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైనది. దానిని నడపు శ్రీ విష్ణు విద్యాసంఘమును స్థాపించినది రాజుగారే. ఆ యేడే వారికి పద్మభూషణ్ బిరుదము వచ్చినది. మరుసటి సంవత్సరమే, 2002లో, వారు దివంగతులైరి. ఈ కళాశాలలలో విద్య ఉచితము కాదు, రుసుము చెల్లింపవలసినదే. అయినను బాలురకే ఊరు విడువక తప్పని కాలమున పుట్టినవాడు, బాలికలకు ఇంటికి చేరువను యంత్రశాస్త్రము నేర్పు శాల కట్టించుట చిన్న మేలు కాదు. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ 1901లో తన ఉక్కు కర్మాగారములను విక్రయించినవాడు. ఆయన ధనముచే వివిధ దేశములలో వెలసిన గ్రంథాలయములు రెండువేల యైదువందలకు మించును. అతని ఉక్కు కంపెనీ పేరు నేడు చరిత్రలో మిగిలినది, గ్రంథాలయములు ఊళ్లలో మిగిలినవి.

సహకారులకు పాఠ మేమి? కంపెనీలో ఓటు రూపాయికి, సంఘములో ఓటు మనిషికి. నూరు వాటాలున్న సభ్యునకును, ఒక్క వాటాయున్న కౌలుదారునకును మన సర్వసభ్య సమావేశమున చేయెత్తు హక్కు సమానమే. కంపెనీకి మూలధనము త్వరగా చేరును, మనకు మెల్లగా చేరును. ఇది మన లోపమని యొప్పుకొందము. కాని ఎంత ధనవంతుడైనను ఎక్కువ వెలయిచ్చి మన సంఘమును బజారులో కొనజాలడు. దానిని పోగొట్టగలవారము మనమే. సమావేశమునకు రాకయు, లెక్కలు అడుగకయు, తీసికొన్న ఋణము గడువునకు చెల్లింపకయు పోగొట్టుదుము.

రెండవ మాట. రాజుగారివంటి దాత ప్రతి గ్రామమునను పుట్టడు, పుట్టువరకు బిడ్డల చదువు వేచియుండదు. ఒక్కని కలిమి చేసిన పనిలో కొంతయైనను పలువురి చిల్లర చేయగలదు. ఈ యేడు లాభములు పంచునపుడు, నిబంధనలు అనుమతించినంతవరకు, సభ్యుల పిల్లల విద్యకై కొంత సొమ్ము ప్రత్యేకించు తీర్మానమును ప్రతి సంఘమును ఆలోచింపవలెనని మా మనవి. అందును ఆడపిల్లల భాగము మరువకుందురు గాక.