పురపాలక సంఘం నుంచి సమాచారం పొందడం ఎలా?

ఈ పాఠం ఎందుకు?

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మీకు కావలసిన సమాచారం ఏ కార్యాలయంలో ఉందో గుర్తించగలుగుతారు;
• సమాచార హక్కు చట్టం కింద సొంతంగా దరఖాస్తు రాయగలుగుతారు;
• జవాబు రాకపోతే ఎవరికి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేయాలో చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మీ వీధిలో మురుగుకాలువ సగం కట్టి ఆపేశారనుకుందాం. వాన పడితే నీళ్లు గడప దాటి ఇంట్లోకి వస్తున్నాయి. పిల్లలకు జ్వరాలు వస్తున్నాయి. మీరు ఆఫీసుకు వెళ్లి అడిగారు. ఒకరు "పని అయిపోయింది కదా" అన్నారు. మరొకరు "అది మా పరిధి కాదు" అన్నారు. ఇంకొకరు "తరువాత రండి" అన్నారు. మీరు ఒక పూట కూలి పోగొట్టుకుని తిరిగి వచ్చారు.

నోటిమాటకు లెక్క ఉండదు. కాగితానికి ఉంటుంది. కాలువ కోసం ఎంత డబ్బు మంజూరైంది, ఎంత చెల్లించారు, ఎంత పొడవు కట్టినట్టు రాసుకున్నారు అనే వివరాలన్నీ ఆఫీసు దస్త్రాల్లో ఉంటాయి. ఆ దస్త్రాలు చూసే హక్కు మీకుంది.

2. ఈ హక్కు ఎలా వచ్చింది?

1975లో రాజ్ నారాయణ్ కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, ప్రభుత్వం ప్రజల తరఫున చేసే పనులను తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని చెప్పింది. అయితే ఆ హక్కును వాడుకునే దారి చాలాకాలం వరకు ఏర్పడలేదు.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం 1994 నుంచి ఊళ్లలో బహిరంగ విచారణలు జరిపింది. పనుల బిల్లులను, మస్టరు రోళ్లను గ్రామస్తుల ముందు పైకి చదివేవారు. చేయని పనికి డబ్బు తీసినట్టు, పనిలోకి రానివారి పేర్లు రాసినట్టు అక్కడే బయటపడేది. 1996లో బ్యావర్ పట్టణంలో ఈ సంఘం 40 రోజులు ధర్నా చేసింది. అడిగినవారు కూలీలు, రైతులు. తమ కూలి లెక్క తమకు చూపమన్నదే వారి కోరిక.

చివరకు పార్లమెంటు 2005లో సమాచార హక్కు చట్టం చేసింది. అది 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. పురపాలక సంఘాలు, పంచాయతీలు, రైల్వేలు, ప్రభుత్వ ఆసుపత్రులు అన్నీ ఈ చట్టం కిందికే వస్తాయి.

3. ముందు తేల్చుకోవలసింది: కాగితం ఎవరి దగ్గర ఉంది?

ఖరగ్‌పూర్‌లో ఉన్నవారికి ఈ ప్రశ్న చాలా ముఖ్యం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనుల కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. రైల్వే తన స్థలంలో క్వార్టర్లు, రోడ్లు, కాలువలు, ఆసుపత్రి కట్టుకుంది. పురపాలక సంఘం 1954లో ఏర్పడింది. అందువల్ల ఈ పట్టణంలో రెండు యాజమాన్యాలు పక్కపక్కనే ఉన్నాయి.

మథురాకాటి, నిమ్‌పురా వంటి చోట్ల రైల్వే కాలనీలు ఉన్నాయి. ఇందా, ఖరీదా, మలంచ వంటివి పురపాలక సంఘం చూసే ప్రాంతాలు. ఒకచోట మొదలైన మురుగునీరు రెండోవారి స్థలంలోకి పోవచ్చు. "మాది కాదు" అనే జవాబు ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

రైల్వే క్వార్టరు మరమ్మతు, రైల్వే స్థలంలోని కాలువ వంటి విషయాలకు ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్ డివిజన్ కార్యాలయంలోని కేంద్ర పౌర సమాచార అధికారికి రాయాలి. ఇంటిపన్ను, వార్డు రోడ్డు, మునిసిపల్ కుళాయి వంటి విషయాలకు పురపాలక సంఘంలోని రాష్ట్ర పౌర సమాచార అధికారికి రాయాలి.

దరఖాస్తు పొరపాటున వేరే కార్యాలయానికి వెళితే, దానిని 5 రోజుల్లోగా సరైన చోటికి పంపాలని సెక్షన్ 6(3) చెబుతుంది. కాని ఒకటి కేంద్ర సంస్థ, మరొకటి రాష్ట్ర సంస్థ అయినప్పుడు కాగితం మధ్యలో ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి స్థలం ఎవరిదో తేలనప్పుడు ఇద్దరికీ వేరువేరుగా దరఖాస్తు పెట్టండి. "ఈ కాలువ ఉన్న స్థలం మీ రికార్డుల ప్రకారం ఎవరిది? సంబంధిత పటం నకలు ఇవ్వండి" అని ఇద్దరినీ అడగండి. రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే బాధ్యత ఎవరిదో తెలుస్తుంది.

4. ఏమి అడగాలి? ఎలా అడగాలి?

ఉన్న రికార్డును అడగాలి. అభిప్రాయం అడగకూడదు. కార్యాలయం తన దగ్గర లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. ఈ రెండు ప్రశ్నలను పోల్చి చూడండి:

"మా కాలువ ఎందుకు బాగుచేయరు?" – ఇది ఫిర్యాదు. దీనికి జవాబు రాకపోవచ్చు.
"ఫలానా వీధి కాలువకు సంబంధించిన వర్క్ ఆర్డరు, మెజర్‌మెంటు బుక్కు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వండి" – ఇది సమాచారం. దీనికి జవాబు ఇవ్వాలి.

మెజర్‌మెంటు బుక్కు అంటే జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకం. అందులో 100 మీటర్లు అని ఉండి, వీధిలో 60 మీటర్లే కనిపిస్తే, ఇక మీరు వాదించనక్కరలేదు. టేపు చాలు.

నకళ్లు మాత్రమే కాదు. దస్త్రాలను, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామాగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా చట్టంలో ఉన్నాయి.

ఎందుకు అడుగుతున్నారో మీరు చెప్పనవసరం లేదు. మిమ్మల్ని సంప్రదించడానికి చిరునామా ఇస్తే చాలు. ఇతరుల సొంత వివరాలు మాత్రం అడగకండి. వ్యక్తిగత సమాచారానికి ఉన్న మినహాయింపును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా విస్తృతం చేసింది. పని గురించి, ప్రజల డబ్బు గురించి అడగండి.

5. భాష, రుసుము

దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండవచ్చు. తెలుగును అధికార భాషల్లో చేర్చాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. అయినా పని త్వరగా కావాలంటే పురపాలక సంఘానికి బెంగాలీలో లేదా ఇంగ్లీషులో, రైల్వేకు హిందీలో లేదా ఇంగ్లీషులో ఇవ్వడం మేలు. ముందు తెలుగులో రాసుకుని, తెలిసినవారి చేత ఆ భాషలోకి మార్పించుకోండి. రాయడం రానివారు నోటితో చెబితే, దానిని కాగితం మీద పెట్టడానికి అధికారి సాయం చేయాలి. ఇది దయ కాదు, చట్టం ఆయనపై పెట్టిన బాధ్యత.

దరఖాస్తు రుసుము 10 రూపాయలు. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర కార్యాలయాలకైతే కోర్టు ఫీజు స్టాంపు అతికించాలి. రైల్వేకైతే నగదు ఇచ్చి రశీదు తీసుకోవచ్చు, లేదా పోస్టల్ ఆర్డరు జతచేయవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు, ఆ ధ్రువపత్రం నకలు జతచేస్తే చాలు.

6. నమూనా దరఖాస్తు

రాష్ట్ర పౌర సమాచార అధికారి గారికి,
ఖరగ్‌పూర్ పురపాలక సంఘం, పశ్చిమ మేదినీపూర్ జిల్లా.

విషయం: సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద సమాచారం కోరుట.

అయ్యా,
......... నంబరు వార్డు, ......... వీధిలోని మురుగుకాలువ పనికి సంబంధించి, ......... నుంచి ......... వరకు ఉన్న కింది రికార్డుల ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు.
(1) మంజూరు ఉత్తర్వు, అంచనా పత్రం.
(2) వర్క్ ఆర్డరు.
(3) మెజర్‌మెంటు బుక్కులోని సంబంధిత పుటలు.
(4) చెల్లించిన బిల్లులు.
రుసుము 10 రూపాయలు కోర్టు ఫీజు స్టాంపు రూపంలో జతచేశాను. నేను భారత పౌరుణ్ణి/పౌరురాలిని.

తేది, సంతకం, పూర్తి చిరునామా.

దరఖాస్తు రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దానిపై ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచండి. దరఖాస్తు ఆఫీసుకు అందిన తేదీ నుంచే మీ రోజుల లెక్క మొదలవుతుందని గుర్తుంచుకోండి.

7. జవాబు రాకపోతే?

దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా జవాబు రావాలి. మనిషి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. నకళ్లకు డబ్బు కట్టమని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడిచిన కాలాన్ని ఈ లెక్కలో చేర్చరు. గడువు దాటిన తరువాత ఇచ్చే సమాచారం ఉచితం.

జవాబు రాకున్నా, వచ్చినది తృప్తిగా లేకున్నా 30 రోజుల్లోగా అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయండి. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో, నిర్ణయం చెప్పాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రెండో అప్పీలు చేయవచ్చు. పురపాలక సంఘం విషయమైతే పశ్చిమ బెంగాల్ సమాచార కమిషన్‌కు, రైల్వే విషయమైతే కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలు మించకుండా జరిమానా వేయవచ్చు.

కమిషన్లలో విచారణకు చాలాకాలం పట్టవచ్చు. అందుకే మొదటి దరఖాస్తునే స్పష్టంగా, చిన్నదిగా రాయడం మంచిది. కాగితం చేతికి వచ్చినంత మాత్రాన కాలువ పూర్తికాదు. కాని కౌన్సిలర్‌ను కలిసినా, వీధివారంతా కలిసి అర్జీ పెట్టినా, మీ మాటకు ఆధారం ఉంటుంది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

(1) రైల్వే క్వార్టరు పైకప్పు మరమ్మతు లెక్కల కోసం ఎవరికి దరఖాస్తు చేయాలి?
(2) జూన్ 1న దరఖాస్తు అందింది. జవాబు ఏ తేదీలోగా రావాలి?
(3) "మా వీధికి నీళ్లు ఎందుకు రావు?" అనే ప్రశ్నను సమాచారం అడిగే ప్రశ్నగా మార్చి రాయండి.

జవాబులు: (1) ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని కేంద్ర పౌర సమాచార అధికారికి. (2) జూలై 1లోగా. (3) "మా వీధికి నీటి సరఫరా వేళలు తెలిపే రికార్డు, గత ఏడాది పైపుల మరమ్మతుకు చేసిన ఖర్చు బిల్లుల నకళ్లు ఇవ్వండి" అని రాయవచ్చు. మీరు రాసినది వేరుగా ఉన్నా, అందులో ఒక రికార్డు పేరు, ఒక కాలం ఉంటే అది సరైనదే.

అభ్యాసం: మీ వీధిలో మీకు తెలియవలసిన ఒక విషయాన్ని ఎంచుకోండి. పై నమూనాలోని ఖాళీలు నింపి ఒక దరఖాస్తు తయారుచేయండి. దానిని మీ సంపర్క తరగతికి తీసుకురండి.