మత్తుకు చిక్కిన పిల్లలకు ఊరి అండే సగం మందు



మన డోంగ్లి మహారాష్ట్ర సరిహద్దు మండలం. పెద్ద వైద్యం కావాలంటే కామారెడ్డి, నిజామాబాద్, లేదా దెగ్లూర్ వెళ్లాలి. ఇలాంటి చోట పదిహేను, పదహారేళ్ల పిల్లవాడు మత్తుకు అలవాటు పడితే ఏ చికిత్స పనిచేస్తుందో, అందులో మన విరాళం పాత్ర ఏమిటో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

నల్లమందు జాతికి చెందిన మందులను వైద్యులు ఓపియాయిడ్లు అంటారు. హెరాయిన్ ఒక్కటే కాదు, కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి బిళ్లలు కూడా ఆ జాతివే. కేంద్ర ప్రభుత్వం 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే అంచనా ప్రకారం 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.8 శాతం మంది, అంటే సుమారు 40 లక్షల మంది వీటిని వాడుతున్నారు.

బిడ్డ సంగతి తెలియగానే చాలా ఇళ్లలో రెండే దారులు తోస్తాయి. ఒకటి గదిలో పెట్టి తాళం వేయడం, రెండోది నెల రోజులు దూరాన ఉన్న కేంద్రంలో వదిలి రావడం. ఒక్కసారిగా మత్తు ఆగితే ఏమవుతుందో మన ప్రాంతం 2015లోనే చూసింది. కల్తీ కల్లుపై ప్రభుత్వం కట్టడి చేసినప్పుడు ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఎందరో ఫిట్స్‌తో, మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. కల్తీకి వాడే ఆల్ప్రజోలం, డైజిపామ్ వేరే జాతి మందులే. అయినా పాఠం ఒకటే: డాక్టరు లేకుండా మత్తు మాన్పించకూడదు.

ఓపియాయిడ్ల విషయంలో మరో ప్రమాదం ఉంది. కొన్ని వారాలు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. నెల తర్వాత ఇంటికి వచ్చిన పిల్లవాడు పాత స్నేహితుల మధ్య పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగి ప్రాణం పోవచ్చు. కాబట్టి అసలు కాపాడుకోవలసిన కాలం ఇంటికి తిరిగి వచ్చాకే మొదలవుతుంది.

అమెరికాలో 15 నుంచి 21 ఏళ్ల వయసున్న 152 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. స్థానిక కేంద్రాల్లో కొందరికి రెండు వారాలు, మిగతావారికి పన్నెండు వారాలు బుప్రెనార్ఫిన్-నలాక్సోన్ మందు ఇచ్చారు. అందరికీ కౌన్సెలింగ్ జరిగింది. పన్నెండో వారానికి మొదటి గుంపులో నూటికి ఇరవై మంది మాత్రమే చికిత్సలో మిగలగా, రెండో గుంపులో డెబ్బై మంది నిలిచారు. మందు ఆపాక వారిలోనూ చాలామంది మళ్లీ వాడారు. అంటే మందుతో పాటు ఓపిక, ఎడతెగని తోడు కావాలి. ఆ మందు ఇవ్వాలా వద్దా అన్నది మానసిక వైద్యులు నిర్ణయించాలి. ఇంట్లో ఎవరూ సొంతంగా వాడకూడదు.

ఊరే తోడుగా నిలిచిన ఉదాహరణ ఒకటి ఉంది. చెన్నైలోని టి.టి. రంగనాథన్ పరిశోధనా సంస్థ 1989 నుంచి తమిళనాడులోని మంజక్కుడి గ్రామంలో మద్యం మాన్పించే శిబిరాలు నడిపింది. రోగులను నగరానికి రమ్మనకుండా వైద్యులే ఊరికి వెళ్లారు. ఊరివాళ్లు అండగా నిలిచారు, కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడారు. అది పెద్దల మద్యం గురించే అయినా, ఆ పద్ధతి మనకూ పనికివస్తుంది.

వైద్యం ప్రభుత్వ ఆసుపత్రిలో దొరకవచ్చు. కానీ నెలనెలా అక్కడికి వెళ్లే బస్సు ఛార్జీలు, తోడు వెళ్లే తల్లి లేదా తండ్రి పోగొట్టుకునే కూలి, పిల్లవాడిని తిరిగి బడిలోనో పనిలోనో చేర్పించే ఖర్చు ఏ ఆసుపత్రీ భరించదు. పేద కుటుంబం ఇక్కడే చికిత్స మానేస్తుంది. దాతల సొమ్ము ఈ ఖాళీని పూరించాలని, ఒక్కో బిడ్డకు కనీసం ఏడాది తోడుండాలని మా కోరిక. జకాత్ ఎవరికి చెల్లుతుందో ఉలమాను అడగాలి. మిగిలినది సదఖాతో జరగాలి.

డబ్బుతో పాటు మరో సాయం కూడా అడుగుతున్నాము. పిల్లవాడి పేరు మసీదు ముందూ, హోటల్ దగ్గరా చర్చకు రానివ్వకండి. పరువు పోతుందన్న భయంతోనే తల్లిదండ్రులు దాస్తారు. పోలీసుల భయమూ ఉంటుంది. కానీ వాడకం నేరమో, కొద్ది మోతాదు కేసో ఉన్నవారు తమంతట తాము చికిత్సకు వస్తే ఎన్.డి.పి.ఎస్. చట్టం 64-ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. పిల్లలకు మత్తుమందు ఇచ్చేవారికి మాత్రం బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల వరకు కఠిన జైలు శిక్ష పడవచ్చు.

సలహా కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బిడ్డ పిలిచినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే, పెదవులు నీలిరంగుకు తిరిగితే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

తప్పుదారి పట్టిన బిడ్డ కూడా మన బిడ్డే. వాడు తిరిగి వచ్చే దారిని మూసేయకుండా ఉంచే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.